రంగు ఎక్కడ ఆగాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. వెబ్ పేజీలో పెట్టెకి ఇచ్చిన బ్యాక్‌గ్రౌండ్ రంగు అక్కడిదాకా ఎందుకు పోయిందని కొందరు, ఇక్కడే ఎందుకు ఆగిపోయిందని ఇంకొందరు. అందుకని మిగతావన్నీ పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ఎప్పటిలాగే కోడ్ మాటలు కూడా తెలుగు లిపిలోనే అచ్చవుతున్నాయి. టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. కిందటిసారి ఒకాయన ఇక్కడున్నది ఉన్నట్టుగా తెలుగులోనే టైపు చేసి "పని చెయ్యడం లేదు" అని రాశారు. తప్పు ఆయనది కాదు, ముందే చెప్పని నాది.

ప్రశ్న: మేడమ్, ఒక ఫొటో మీద తెల్లటి పెట్టె పెట్టి, దానికి 10 పిక్సెళ్ల బోర్డర్ ఇచ్చాను. బోర్డర్ రంగు నలుపు, కానీ 20 శాతం చిక్కదనమే. వెనకున్న ఫొటో బోర్డర్‌లోంచి మసకగా కనబడాలని నా ఆశ. కనబడుతున్నది మాత్రం ఒట్టి బూడిదరంగు పట్టీ. పారదర్శకత పని చెయ్యడం లేదా?

జవాబు: పని చేస్తోంది. బోర్డర్‌లోంచి మీకు కనబడుతున్నది ఫొటో కాదు, మీ పెట్టె తెలుపే. నమ్మకం కుదరకపోతే కలర్ పిక్కర్ తీసి ఆ బూడిదరంగు మీద పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 204 అని వస్తాయి. తెలుపు అంటే 255. దాని మీద 20 శాతం నలుపు పడితే మిగిలేది అందులో 80 శాతం, అంటే సరిగ్గా 204. ఫొటో రంగు ఇసుమంత కలిసినా ఆ మూడు అంకెలూ అంత బుద్ధిగా ఒక్కటిగా ఉండవు.

పేజీలోని ఏ ఎలిమెంట్‌కైనా, అంటే పెట్టెకైనా, లోపల కంటెంట్ (రాతో బొమ్మో), దాని చుట్టూ ప్యాడింగ్ అనే ఖాళీ, ఆ చుట్టూ బోర్డర్, అన్నిటికన్నా బయట మార్జిన్ అనే ఇంకో ఖాళీ ఉంటాయని మీకు తెలుసు. బ్యాక్‌గ్రౌండ్ వీటిలో మొదటి మూడింటి కిందా పరుచుకుంటుంది. బోర్డర్ అంటే రంగు పొర్లిపోకుండా కట్టిన గట్టు అని మనం అనుకుంటాం. బ్రౌజర్‌కి అది రంగంతా వేసేశాక పైన గీసిన గీత. గీత చిక్కగా ఉన్నన్నాళ్లూ కింద ఏముందో ఎవరికీ పట్టదు. పలచబడిందా, గుట్టు రట్టవుతుంది.

మొదట్లో లెక్క ఇలా లేదు లెండి. సీఎస్‌ఎస్ అంటే పేజీ రంగూ రూపూ చెప్పే భాష. 1998లో వచ్చిన సీఎస్‌ఎస్ 2 ప్రకారం బ్యాక్‌గ్రౌండ్ అనేది కంటెంట్‌కీ ప్యాడింగ్‌కీ మాత్రమే. బోర్డర్ కిందికి కూడా వెళ్లాలని మార్చింది సీఎస్‌ఎస్ 2.1, అది తుదిరూపానికి వచ్చింది 2011లో. ఎక్కడ ఆపాలో మనమే చెప్పుకునే వీలు ఆ తర్వాతి లెవెల్‌లో వచ్చింది. ఆ ప్రాపర్టీ పేరు బ్యాక్‌గ్రౌండ్-క్లిప్. మనం ఏమీ రాయకపోతే దాని విలువ బోర్డర్-బాక్స్. మీ పెట్టెకి కావలసింది ఈ ఒక్క లైను:

బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: ప్యాడింగ్-బాక్స్;

తెలుపు బోర్డర్ లోపలి అంచు దగ్గరే ఆగిపోతుంది, ఫొటో బోర్డర్‌లోంచి తొంగి చూస్తుంది. బూట్‌స్ట్రాప్ (ముందే రాసిపెట్టిన స్టైళ్ల మూట) వాడేవాళ్లు దాని మోడల్ పెట్టె (పేజీ మీద తేలే డైలాగ్) స్టైల్ తెరిచి చూడండి, ఈ లైను అక్కడ ముందునుంచీ ఉంది. అక్కడా బోర్డర్ పలచనిదే మరి.

కంటెంట్-బాక్స్ అని ఇంకో విలువ ఉంది. అది పెడితే ప్యాడింగ్‌లో కూడా రంగు పడదు. మూలలు గుండ్రంగా ఉన్న పెట్టెకి దాన్ని వాడేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బోర్డర్-రేడియస్‌కి మీరిచ్చే కొలత బయటి అంచుది. బయట 20 పిక్సెళ్లు, బోర్డర్ 10 అయితే ప్యాడింగ్ అంచుకి మిగిలే గుండ్రన 10. ప్యాడింగ్ ఇంకో 12 ఉందనుకోండి, కంటెంట్ అంచుకి ఏమీ మిగలదు. బయట గుండ్రంగా, లోపల రంగు నాలుగు పలకలుగా కనబడుతుంది. దాన్ని బ్రౌజర్ తప్పు అనుకుని నేనొకసారి గంటన్నర తిట్టుకున్నాను.

రంగు ఎక్కడ ఆగుతోందో కంటికి తెలియనప్పుడు నేను చేసే పని చెబుతాను. ఆ పెట్టెకి కాసేపు 12 పిక్సెళ్ల డ్యాష్డ్ బోర్డర్ తగిలిస్తాను. గీతల సందుల్లో పెట్టె రంగు కనబడితే బోర్డర్-బాక్స్, వెనకున్నది కనబడితే ప్యాడింగ్-బాక్స్. లోపలికంటా ఖాళీ ఉంటే కంటెంట్-బాక్స్. చూడగానే తెలిసిపోతుంది. పని అయ్యాక తీసెయ్యడం మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న: బాడీకి మాక్స్-విడ్త్ 640 పిక్సెళ్లు, లేత పసుపు రంగు ఇచ్చాను. రాత 640లోనే ఉంది, పసుపు మాత్రం విండో అంతా నిండిపోయింది. మీరు చెప్పే బ్యాక్‌గ్రౌండ్-క్లిప్ కంటెంట్-బాక్స్ కూడా పెట్టి చూశాను. చీమ కుట్టినట్టు కూడా లేదు.

జవాబు: ఉండదు. బాడీకి, అంటే పేజీలో కనబడేదంతా ఉండే ఎలిమెంట్‌కి, మాత్రం వేరే న్యాయం. విండో వెనకంతా పరుచుకునే తలాన్ని కాన్వాస్ అంటారు. దానికి రంగెక్కడిది? బ్రౌజర్ ముందు బాడీని చుట్టుకుని ఉండే హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌ని అడుగుతుంది. దాని దగ్గర బ్యాక్‌గ్రౌండ్ లేకపోతే బాడీ దగ్గరున్నది తీసుకుపోయి కాన్వాస్‌కి వేసేస్తుంది. తీసుకుపోయింది కాబట్టి బాడీ దగ్గర ఇక మిగలదు. కాన్వాస్‌కి చేరిన బ్యాక్‌గ్రౌండ్ మీద క్లిప్ మాట చెల్లదని నిబంధనల్లోనే రాసి ఉంది. మీరు ఏ విలువ ఇచ్చినా అందుకే వినలేదు.

హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కి తెలుపో ఇంకోటో ఏదో ఒక రంగు ఇవ్వండి. కాన్వాస్ దాంతో సరిపెట్టుకుంటుంది, బాడీ పసుపు బాడీకే మిగులుతుంది. ట్రాన్స్‌పరెంట్ అని ఇస్తే కుదరదు, అది ఇవ్వనట్టే లెక్క.

దీనికి తోబుట్టువు లాంటి చిక్కు ఇంకోటుంది, మీరు అడగకపోయినా చెప్పేస్తాను. బాడీకి గ్రేడియంట్ (ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా మారే పూత) వేసి, పేజీలో నాలుగు లైన్లే రాస్తే, గ్రేడియంట్ విండో కింది దాకా సాగకుండా నాలుగేసి లైన్లకి ఒకసారి మళ్లీ మళ్లీ మొదలై చారలు చారలుగా కనబడుతుంది. కాన్వాస్ మొత్తానికీ రంగు పడుతుంది గానీ, గ్రేడియంట్ కొలత తీసుకునేది హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్ ఎత్తు నుంచి. దాని ఎత్తు రాత ఉన్నంతే. హెచ్‌టీఎంఎల్‌కి మిన్-హైట్ 100 శాతం ఇస్తే చారలు పోతాయి. ఇక్కడ మిన్-హైట్ బదులు ఉత్త హైట్ ఇచ్చారంటే, రాత ఎక్కువున్న పేజీలో కిందికి స్క్రోల్ చేసినప్పుడు మళ్లీ అదే కథ.

ప్రశ్న: అక్కా, హెడ్డింగ్ అక్షరాల్లోనే గ్రేడియంట్ వచ్చేలా బ్యాక్‌గ్రౌండ్-క్లిప్ టెక్స్ట్ పెట్టాను. ఇంగ్లీషులో బ్రహ్మాండంగా ఉంది. తెలుగులో పెడితే కింది లైనులో ఒత్తులు తెగిపోతున్నాయి. ఫాంట్ మార్చాలా?

జవాబు: ఫాంట్ జోలికి వెళ్లకండి. ఈ దెబ్బ నేను బాగా తిన్నదే.

కొన్నేళ్ల కిందట ఒక సైటుకి హెడ్డింగులు చేసి ఇచ్చాను. నమూనాకి ఇంగ్లీషు మాటలే పెట్టుకున్నాను, అదీ నా బుద్ధి తక్కువతనం. వాళ్లు అసలు మాటలు ఎక్కించిన మర్నాడు ఒక స్క్రీన్‌షాట్ పంపారు. "తాజా వార్తలు" అని ఉండాల్సిన చోట త ఒత్తు అడుగంతా కత్తిరించినట్టు పోయి, దూరం నుంచి చూస్తే "తాజా వారలు" అని చదువుకునేలా ఉంది. కింద ఒకే వాక్యం: "వీరలు ఎక్కడ?" సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఎందుకిలా అంటే, టెక్స్ట్ విలువ ఇచ్చినప్పుడు కనబడేది అక్షరం కాదు. అక్షరాన్ని ట్రాన్స్‌పరెంట్ చేసేశాం. కనబడేది అక్షరం ఆకారంలో కత్తిరించిన బ్యాక్‌గ్రౌండ్. అక్షరమూ పెట్టే రెండూ ఉన్న చోటే అది పడుతుంది. మామూలు రంగు అక్షరం పెట్టె దాటి కిందికి దిగినా బ్రౌజర్ అడ్డు చెప్పదు, పూర్తిగా గీసేస్తుంది. ఇక్కడ అలా కాదు. అక్షరం పెట్టె దాటిందంటే అక్కడ కత్తిరించడానికి బ్యాక్‌గ్రౌండే లేదు.

మరి పెట్టె దాటడం ఎందుకు? ఇంగ్లీషు హెడ్డింగులకి లైన్-హైట్ 1 అనో 1.1 అనో ఇవ్వడం ఒక అలవాటు. 40 పిక్సెళ్ల అక్షరానికి 40 పిక్సెళ్ల ఎత్తే పెట్టె. "రాష్ట్రం"లో ష కింద ట ఒత్తు, దాని పక్కన ర ఒత్తు. "సంస్కృతి"లో స కింద క ఒత్తు, దానికో ఋత్వం. ఈ సామానంతా 40లో ఎక్కడ పడుతుంది? కిందికి దిగుతుంది. పైన గుడి దీర్ఘం కొస కూడా ఒక్కోసారి పోతుంది, ఒత్తు పోయినంత స్పష్టంగా కనబడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

మీ ఉత్తరంలో "కింది లైనులో" అన్నారు చూశారా, ఆ మాట పట్టుకునే రోగం తేలిగ్గా దొరికింది. రెండు లైన్ల హెడ్డింగ్‌లో పై లైను ఒత్తులు తెగవు. అవి కిందికి దిగినా అక్కడ రెండో లైను ఉంది, అంటే పెట్టె ఉంది, బ్యాక్‌గ్రౌండ్ ఉంది. దిగడానికి చోటు లేనిది ఆఖరి లైనుకే. ఫాంట్ తప్పయితే రెండు లైన్లలోనూ తెగాలి కదా.

చెయ్యాల్సింది పెట్టెని కొంచెం పెంచడం. పైనా కిందా అక్షరం ఎత్తులో సుమారు మూడో వంతు ప్యాడింగ్ ఇవ్వండి (ఒక ఈఎమ్ అంటే అక్షరం సైజంత):

ప్యాడింగ్-బ్లాక్: 0.35 ఈఎమ్;
మార్జిన్-బ్లాక్: -0.35 ఈఎమ్;

రెండో లైను ఎందుకంటే, పెంచిన ప్యాడింగ్ వల్ల చుట్టుపక్కలవి జరగకుండా. పెట్టె పెరుగుతుంది, పేజీలో దాని స్థానం అలాగే ఉంటుంది. లేదూ, లైన్-హైట్‌నే 1.5కి పెంచుకున్నా సరే. తెలుగు హెడ్డింగ్‌కి లైన్-హైట్ 1 అన్నది, నన్నడిగితే, ఇవ్వకూడని విలువ.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఈ టెక్స్ట్ విలువని మొదట 2008లో వెబ్‌కిట్ (సఫారీ బ్రౌజర్ లోపలి ఇంజన్) వాళ్లు తమ సొంతానికి పెట్టుకున్నారు. ఫైర్‌ఫాక్స్‌లోకి 2016లో, 49వ వెర్షన్‌తో వచ్చింది. క్రోమ్‌లో ప్రాపర్టీ పేరుకి ముందు వెబ్‌కిట్ అనే ప్రిఫిక్స్ తగిలించకుండా పని చెయ్యడం 2023 చివర్లో, 120వ వెర్షన్ నుంచే. కాబట్టి ప్రిఫిక్స్ ఉన్న లైనూ లేని లైనూ రెండూ రాయండి, ట్రాన్స్‌పరెంట్ రంగుని సపోర్ట్స్ షరతు లోపల పెట్టండి. విలువ అర్థం కాని బ్రౌజర్‌లో అప్పుడు కనీసం మామూలు అక్షరాలైనా ఉంటాయి. రెండోది ప్రింటు. బ్రౌజర్లు మామూలుగా బ్యాక్‌గ్రౌండ్లు లేకుండానే ప్రింటు తీస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ లేదు, అక్షరం ట్రాన్స్‌పరెంట్, ఇక కాగితం మీద మిగిలేది తెల్ల కాగితమే. ప్రింట్ మీడియా కింద అక్షరానికి నలుపు రాసి పెట్టుకోండి.

ప్రశ్న: నాదీ గ్రేడియంట్ హెడ్డింగే. ఒత్తులు బాగానే ఉన్నాయి. మౌస్ పెట్టగానే మాత్రం అక్షరాలు మాయమై రంగుల ఇటుక ఒకటి ప్రత్యక్షమవుతోంది.

జవాబు: హోవర్‌లో బ్యాక్‌గ్రౌండ్ అని పొట్టిగా రాసి ఉంటారు. ఆ పొట్టి ప్రాపర్టీ మీరు చెప్పని వాటిని కూడా మొదటి విలువకి తిప్పేస్తుంది. అందులో క్లిప్ ఒకటి. టెక్స్ట్ పోయి బోర్డర్-బాక్స్ వచ్చింది, అక్షరం ట్రాన్స్‌పరెంట్‌గానే ఉండిపోయింది. హోవర్‌లో బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ అని రాయండి, చాలు. ఒకే రూల్‌లో క్లిప్ ముందు, బ్యాక్‌గ్రౌండ్ తర్వాత రాసినా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: పెట్టెకి ఎడమ నుంచి కుడికి ఎరుపు, నీలం గ్రేడియంట్ ఇచ్చి, బోర్డర్‌ని ట్రాన్స్‌పరెంట్ చేశాను. ఎరుపు మొదలవ్వాల్సిన ఎడమ చివర సన్నటి నీలం గీత, కుడి చివర ఎరుపు గీత వస్తున్నాయి. నేను ఎక్కడా అలా చెప్పలేదు.

జవాబు: మీరు చెప్పలేదు, ఆపమనీ చెప్పలేదు. రంగు ఎక్కడ ఆగాలో చెప్పేది క్లిప్, బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో చెప్పేది బ్యాక్‌గ్రౌండ్-ఆరిజిన్. ఈ రెంటి మొదటి విలువలూ వేరువేరు. క్లిప్‌ది బోర్డర్-బాక్స్, ఆరిజిన్‌ది ప్యాడింగ్-బాక్స్. ఉత్త రంగుకి మొదలూ చివరా లేవు కాబట్టి ఈ తేడా తెలియదు. గ్రేడియంట్ అలా కాదు, అది బొమ్మ కింద లెక్క.

మీ గ్రేడియంట్ ప్యాడింగ్ అంచు దగ్గర ఎరుపుతో మొదలై అవతలి ప్యాడింగ్ అంచు దగ్గర నీలంతో ముగిసింది. బోర్డర్ కింద ఇంకా చోటుంది. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు మామూలుగా పక్కపక్కన మళ్లీ పరుచుకుంటాయి కదా. ఎడమ బోర్డర్ కిందికి వచ్చింది దాని పక్క పలక తోక, అంటే నీలం. కుడి బోర్డర్ కిందికి ఇంకో పలక తల, ఎరుపు. బ్యాక్‌గ్రౌండ్-ఆరిజిన్‌ని కూడా బోర్డర్-బాక్స్ చేస్తే ఒకే పలక ఈ చివరి నుంచి ఆ చివరికి పడుతుంది. పొట్టిగా రాసేటట్టయితే గ్రేడియంట్ పక్కన బోర్డర్-బాక్స్ అని ఒక్కసారి రాయండి, ఆరిజిన్‌కీ క్లిప్‌కీ రెంటికీ అదే వర్తిస్తుంది. రెండు పెట్టెల పేర్లు రాస్తే మొదటిది ఆరిజిన్, రెండోది క్లిప్.

ఇక్కడిదాకా వచ్చాం కాబట్టి, గ్రేడియంట్ బోర్డర్ ఎలా అని అడిగిన ముగ్గురికీ ఇక్కడే జవాబు. బోర్డర్-ఇమేజ్ వాడితే గుండ్రటి మూలలు దక్కవు, అది బోర్డర్-రేడియస్ మాట వినదు. బోర్డర్ ట్రాన్స్‌పరెంట్ చేసి రెండు పొరల బ్యాక్‌గ్రౌండ్ ఇవ్వండి. ముందు రాసే పొర పైన ఉంటుంది: తెలుపు నుంచి తెలుపుకి గ్రేడియంట్, ప్యాడింగ్-బాక్స్. రెండో పొర రంగుల గ్రేడియంట్, బోర్డర్-బాక్స్. పై తెలుపు బోర్డర్ దాకా రాదు కాబట్టి అక్కడ మాత్రం కింది రంగులు కనబడతాయి. తెలుపు నుంచి తెలుపుకి గ్రేడియంట్ ఏమిటి, పిచ్చి కాకపోతే అంటారా? ఉత్త రంగుని అన్నిటికన్నా అడుగు పొరలోనే రాయనిస్తారు. పైన కావాలంటే బొమ్మ వేషం వెయ్యాల్సిందే. అన్నట్టు, పొరలు ఎన్ని ఉన్నా ఆ అడుగు రంగుకి వర్తించే క్లిప్ ఆఖరి పొరది. బోర్డర్ మేరకే రంగు వేసే బోర్డర్-ఏరియా అనే కొత్త విలువ ఒకటి సఫారీలోకి వచ్చింది గానీ, ఇప్పటికి ఈ రెండు పొరల పద్ధతే నమ్మకం.

ప్రశ్న: రాత మధ్యలో 640 పిక్సెళ్లలోనే ఉండాలి, ఒక్క సెక్షన్ రంగు మాత్రం విండో ఈ కొస నుంచి ఆ కొసకి పోవాలి. విడ్త్ 100 వీడబ్ల్యూ ఇస్తే అడ్డంగా స్క్రోల్ బార్ వస్తోంది.

జవాబు: స్క్రోల్ బార్ పక్కకి ఉండే కంప్యూటర్లలో 100 వీడబ్ల్యూ (అంటే విండో పూర్తి వెడల్పు) కొలత దాన్ని కూడా కలుపుకునే లెక్క వేస్తుంది. ఆ పదిహేను పిక్సెళ్ల వెడల్పే మీకు అడ్డంగా పొడుచుకొస్తోంది.

సెక్షన్‌ని ఇరుకు చెయ్యకుండా వదిలేసి, లోపలి ప్యాడింగ్‌తో రాతని మధ్యకి నెట్టడం నాకిష్టమైన దారి. ప్యాడింగ్-ఇన్‌లైన్‌కి మాక్స్ ఫంక్షన్ ఇచ్చి, అందులో మొదటిది 16 పిక్సెళ్లు, రెండోది 100 శాతంలోంచి 640 పిక్సెళ్లు తీసేసి రెండుతో భాగించినది. విండో 1000 ఉంటే రెండు పక్కలా 180 చొప్పున పోయి మధ్యలో 640 మిగులుతుంది. ఫోనులో 360 ఉంటే ఆ లెక్క మైనస్‌లోకి పోతుంది, అప్పుడు 16 గెలుస్తుంది. రంగు ప్యాడింగ్ కింద ఎలాగూ పడుతుంది కాబట్టి కొస నుంచి కొసకి ఉంటుంది.

సెక్షన్ బయటి పెట్టె మీ చేతిలో లేకపోతే నీడని వాడుకోండి. బాక్స్-షాడో మొదటి మూడు కొలతలూ సున్నా, వ్యాప్తి 100 వీమాక్స్ (విండో వెడల్పు, ఎత్తుల్లో ఏది పెద్దదైతే అంత), రంగు సెక్షన్ రంగే. నీడ వల్ల స్క్రోల్ బార్ రాదు. నీడ నాలుగు వైపులా పోతుంది గనక పైనా కిందా కోసెయ్యాలి: క్లిప్-పాత్‌కి ఇన్‌సెట్, పైకీ కిందికీ 0, పక్కలకి మైనస్ 100 వీమాక్స్. ఆ సెక్షన్‌లోంచి కిందికి తెరుచుకునే మెనూ ఏదైనా ఉంటే అది కూడా కోసుకుపోతుంది, చూసుకోండి.

ప్రశ్న: కిందటి సంచికలో, లోపలి పెట్టెలన్నీ ఫ్లోట్ (ఒక పక్కకి తేలేలా చేసినవి) అయితే బయటి పెట్టె ఎత్తు సున్నా అయ్యి దాని రంగు కనబడదనీ, ఓవర్‌ఫ్లో హిడెన్ ఇస్తే సరిపోతుందనీ రాశారు. ఇచ్చాను. రంగు వచ్చింది, లోపలి కార్డుల నీడలు అంచున తెగిపోయాయి.

జవాబు: ఒప్పుకుంటున్నాను, పాత అలవాటు చేతికి వచ్చేసింది. ఓవర్‌ఫ్లో తీసేసి డిస్‌ప్లే: ఫ్లో-రూట్ ఇవ్వండి. ఎత్తు వస్తుంది, ఏదీ తెగదు. బయటి పెట్టె పైభాగంలో రంగు పడకుండా లోపలి హెడ్డింగ్ మార్జిన్ బయటికి జారిపోతోందని రాసిన ఇద్దరికి కూడా ఇదే మందు.

ప్రశ్న: వెడల్పాటి లిస్టులో వరుస విడిచి వరుసకి లేత నీలం ఇచ్చాను. ఫోనులో కుడికి జరిపితే రాత ఉంది, నీలం సగంలోనే ఆగిపోయింది.

జవాబు: వరుస వెడల్పు విండోదే, లోపలి రాత మాత్రం దాన్ని దాటి పొర్లింది. పొర్లిన దాని వెనక రంగు పడదు. వరుసలన్నిటినీ చుట్టే పెట్టెకి విడ్త్ మాక్స్-కంటెంట్, మిన్-విడ్త్ 100 శాతం ఇవ్వండి. దాని బయట ఇంకో పెట్టె పెట్టి ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో ఇస్తే పేజీ కదలకుండా లిస్టు మాత్రమే జరుగుతుంది.

ప్రశ్న: గుండ్రటి చిన్న బటన్, 24 పిక్సెళ్లు. డిజైన్ ఇచ్చినవాళ్లు పెంచనివ్వరు, పరీక్షించేవాళ్లు వేలికి అందట్లేదంటారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను.

జవాబు: ఇద్దరిదీ న్యాయమే. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన నియమాలు, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2, మామూలు స్థాయిలో నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలంటుంది, పై స్థాయిలో 44 అంటుంది. బటన్‌కి 10 పిక్సెళ్ల ట్రాన్స్‌పరెంట్ బోర్డర్ ఇచ్చి క్లిప్‌ని ప్యాడింగ్-బాక్స్ చెయ్యండి. రంగు 24లోనే ఉంటుంది, నొక్కుడు బోర్డర్ మీద కూడా పనిచేస్తుంది కాబట్టి వేలికి 44 దొరుకుతుంది. బాక్స్-సైజింగ్ బోర్డర్-బాక్స్ (విడ్త్, హైట్‌లలో బోర్డర్‌ని కూడా కలిపే లెక్క) పెట్టుకుని ఉంటే విడ్త్‌కీ హైట్‌కీ 44 అని రాయాలి. గుండ్రన 50 శాతం ఇస్తే బయట 22, లోపల 12 వస్తుంది, రంగు నిండు గుండ్రంగానే ఉంటుంది. డిజైన్ వాళ్లకి చెప్పాల్సిన పని కూడా లేదు.

ప్రశ్న: మార్జిన్‌కి రంగు వెయ్యడానికి ప్రాపర్టీ ఏది?

జవాబు: లేదు. మార్జిన్ ఎప్పుడూ ఖాళీయే, వెనకున్నది కనబడాల్సిందే. రంగు కావాలంటే దాన్ని ప్యాడింగ్‌గా మార్చుకోండి. మార్చలేని పరిస్థితి అయితే మసక సున్నా పెట్టి, మార్జిన్ ఎంతుందో అంత వ్యాప్తితో బాక్స్-షాడో వెయ్యండి.